ఎవాంజలిన్‌కి అడ్డదిడ్డంగా తరగడం రాలేదు

ఎవాంజలిన్ స్టీల్ ప్లాంట్ క్యాంటీన్‌లో ముప్పయ్యొక్కేళ్లు ఉల్లిపాయలు తరిగింది. ఊరికే తరగడం కాదు. ముక్కకీ ముక్కకీ తేడా ఉంటే ఆవిడకి ఆ పూట అన్నం సయించదు. కొత్తగా చేరినవాళ్లు ఎలా పడితే అలా కోస్తే, వాళ్ల ముందే కూర్చుని ఆ ముక్కలన్నీ ఏరి మళ్లీ సమంగా కోసేది. ఒక్క మాట తిట్టేది కాదు. తిట్టినా బాగుండేదని వాళ్లు అనుకునేవారు.

రిటైరయ్యాక గాజువాకలో ఒక్కతే ఉంటోంది. పూటకో ఉల్లిపాయ. చెయ్యి ఊపందుకునేలోపే పని అయిపోయేది. అందుకే మధురవాడ నుంచి మేనకోడలు ఫ్లోరా ఫోన్ చేసి, "అత్తా, శుక్రవారం సాయంత్రం మా ఆఫీసువాళ్లు పన్నెండుమంది వస్తన్నారు, తరగడానికి సాయం వస్తావా?" అనగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో పన్నెండు అన్న అంకె చెవికెక్కలేదు.

ఆరు కిలోల ఉల్లిపాయలు, ఐదు కిలోల టమాటాలు సంచిలో వేసుకుని, రిటైర్మెంట్ నాడు తోటివాళ్లిచ్చిన మూరెడు కత్తిని తువ్వాల్లో చుట్టి బస్సెక్కింది.

"ఆ తువ్వాల్లో ఏటమ్మా?" అన్నాడు కండక్టరు.

"కత్తి," అంది. ఆవిడ అబద్ధం ఆడదు.

మధురవాడ దాకా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు.

ఆ సంచిని ఫ్లోరా రెండు చేతులతో లోపలికి ఈడ్చింది. తర్వాత ఫోన్‌లో వీడియో పెట్టింది. అందులో ఒకతను లెట్యూస్ ఆకులు, టమాటా, ఉల్లిపాయ, ఆలివ్‌లు, చీజు, సలామీ, అంటే శాండ్‌విచ్‌లో పెట్టేవన్నీ చెక్కపీట మీద కుప్ప పోసి, పైన మయొనైజూ వెనిగరూ వేసి, పెద్ద కత్తితో కసిగా నరుకుతున్నాడు.

"ఇదేటే? దేనికది కొయ్యడా?"

"ఇటాలియన్ సలాడ్ అత్తా. అన్నీ కలిపే నరకాలి. బన్నులో కూరుకుని తింటారు, గిన్నెలో వేసుకునీ తింటారు."

"పాపం, ఆడికెవరూ నేర్పలేదు," అంది ఎవాంజలిన్ జాలిగా.

ఒప్పుకుంది గానీ చెయ్యి వింటేనా. ఉల్లిపాయలు ఒక బేసిన్‌లోకి, టమాటాలు మరోదాన్లోకి, చికెన్ సలామీ పాచికల్లా ఇంకోదాన్లోకి. గంటకల్లా వంటిల్లంతా బేసిన్లే.

"మరీ ఉప్మాకి తరిగినట్టుంది అత్తా. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి ఉండాలి."

"పెద్దవంటే ఎంత?"

"ఎంతైనా."

ఆ మాట ఎవాంజలిన్‌ని కుంగదీసింది. మొహం పక్కకి తిప్పుకుని, పీట అదిరేలా నరికి చూసింది. అప్పుడూ సమంగానే వచ్చాయి.

అంతలో బెల్లు మోగింది. కింది ఫ్లాటులో ఉండే దేవీప్రసాద్. పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరు, మెడలో హెడ్‌సెట్. ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాడు.

"ఏటి కొడతన్నారండీ? మీటింగంతా ఇదే సౌండు. మీ ఇల్లు కూలగొడుతున్నారా అని మా మేనేజరు అడిగాడు."

ఫ్లోరా సారీ చెప్పి, వీడియో చూపించి, సంగతంతా వివరించింది.

"నీకు తరగడం వచ్చా బాబూ?" అంది ఎవాంజలిన్.

"రాదండి. మేగీ తప్ప ఏటీ సెయ్యలేదు నాను."

"అయితే మీరే కావాలి," అంది ఫ్లోరా, అతన్ని లోపలికి లాగినంత పనిచేసి.

ఇంకా తరగని సరుకంతా పీట మీద కుప్ప పోసి కత్తి చేతికిచ్చారు. అతను నరికాడు. ఒక టమాటా ఫ్రిజ్ దాకా ఎగిరింది. ఆలివ్ ఒకటి సోఫా కిందికి దొర్లింది. సలామీ సగం పొడైంది, సగం అసలు తెగనే లేదు. ఎవాంజలిన్ కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"సరిగ్గా ఇదే," అంది ఫ్లోరా.

ఎవాంజలిన్ చెంచాతో ఒక్కో ముద్దా నోట్లో వేసుకుంది. ఒక ముద్దలో పులుపు, ఇంకో ముద్దలో చీజు, మరోదాన్లో ఉల్లి ఘాటు. బాగుంది. అదే ఆవిడ బాధ.

బేసిన్లలోవి కూడా కలిపేసరికి సలాడ్ అరవైమందికి అయింది. వచ్చిన పన్నెండుమందీ తిన్నాక కూడా తరగలేదు. దేవీప్రసాద్ గిన్నెలు పట్టుకుని లిఫ్టులో ప్రతి అంతస్తుకీ తిరిగి పంచాడు.

ఫ్లోరా స్నేహితురాలు హీనా రెండోసారి వడ్డించుకుంటూ, "ఇంత బాగా ఎవరు తరిగారు ఆంటీ?" అంది.

ఎవాంజలిన్ కుర్చీలోంచి లేచి మరీ చెప్పింది. "నాను కాదమ్మా. ఈ బాబు."

మర్నాడు ఆవిడ గాజువాక వెళ్లేలోపే దేవీప్రసాద్ వచ్చి తరగడం నేర్పమన్నాడు. ఆవిడ ప్రతి శుక్రవారం వచ్చి నేర్పింది. రెండు నెలల్లో అతని ఉల్లిపాయ ముక్కలు అచ్చు పోసినట్టు వచ్చాయి. ఆవిడ వాటిని పళ్లెంలో పరిచి చాలాసేపు చూసుకుంది.

తర్వాతి పార్టీకి సలాడ్ కోసం, ఏమీ రానివాళ్లెవరైనా ఉన్నారేమోనని, ఫ్లోరా పై అంతస్తుకి వెళ్లి బెల్లు కొట్టాల్సి వచ్చింది.