టీచర్ గారు చూపించిన లివర్

నలభై దగ్గర పడుతుండగా నాకు నడుం నొప్పి మొదలైంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. సైకిల్ తొక్కమని డాక్టర్ చెప్పాడు. సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో ఒకతను పుణె వెళ్ళిపోతూ తన మౌంటెన్ బైక్ ఎవరికైనా ఇచ్చేస్తానంటే నేను తీసుకున్నాను. ముందు చక్రానికీ, వెనక చక్రానికీ కూడా కుదుపుని మింగే స్ప్రింగులు, అదే సస్పెన్షన్, ఉన్న సైకిల్ అది. కొండదారుల్లో తొక్కడానికి చేసింది.

"చెన్నైలో నువ్వెక్కే కొండలేవి?" అని మా ఆవిడ అడిగింది.

"గుంతలున్నాయిగా" అన్నాను. కుదుపులు తగ్గితే నడుముకి మంచిదని నా లెక్క.

మేం గుంటూరు నుంచి వచ్చి మైలాపూరులో అద్దెకుంటున్నాం. మా వీధి చివర ఆదివారం తెల్లవారుతూనే పదిమంది సైకిళ్ళతో కలుస్తారు. బీచ్ రోడ్డు మీదుగా హార్బర్ దాటి రాయపురం దాకా వెళ్ళి, అక్కడ టిఫిన్ తిని తిరిగొస్తారు. నేనూ వాళ్ళతో చేరాను.

మొదటి ఆదివారమే అందరికన్నా వెనకబడిపోయాను. రెండో వారమూ అంతే. ఎంత బలంగా తొక్కినా సైకిల్ కదలనట్టే ఉండేది. నా వయసులో ఉన్నవాళ్ళూ, నాకంటే పెద్దవాళ్ళూ కబుర్లు చెప్పుకుంటూ ముందుకెళ్ళిపోయేవారు. నా ఒంట్లో సత్తువ లేదనుకున్నాను. సిగ్గుగా ఉండేది.

నాతో పాటు వెనక మిగిలేది ఒక్కరే. కార్పొరేషన్ స్కూల్లో సైన్స్ చెప్పి రిటైరైన టీచర్ గారు. అరవై ఏళ్ళుంటాయి. ముందు బుట్ట ఉన్న పాత లేడీస్ సైకిల్ మీద వచ్చేవారు. వాళ్ళ తాతల కాలం నుంచీ మద్రాసులోనే ఉన్న తెలుగువాళ్ళు. ఆమె పుట్టింది తొండియార్‌పేటలో, వాళ్ళ నాన్న హార్బర్‌లో క్రేన్ నడిపేవారట. హార్బర్ గోడ పక్కన వెళ్తుంటే చిన్నప్పుడు తండ్రికి అన్నం క్యారేజీ తెచ్చిన రోజుల గురించి చెప్పేవారు. నేను ఆయాసంతో మాట్లాడలేక వినేవాణ్ణి. పాపం, కొత్తవాణ్ణని నాకోసం నెమ్మదిగా తొక్కుతున్నారనుకునేవాణ్ణి. ఒకసారి ఆ మాటే అన్నాను.

"మీరు ముందెళ్ళండి టీచర్ గారూ, నేను మెల్లగా వస్తాను."

"ఏం తొందర తంబీ? ఇడ్లీలు యాడికి పోతాయి?" అన్నారు.

అలా మూడు నెలలు గడిచాయి. ఒక ఆదివారం బీచ్ రోడ్డు మీద ఆమె నా వెనక వస్తూ ఉన్నట్టుండి పిలిచారు.

"తంబీ, ఈడ ఆపు."

ఆపాను. ఆమె తన సైకిల్‌కి స్టాండు వేసి, నా సైకిల్ దగ్గర కూర్చుని సీటు కింద తొంగి చూశారు.

"నువ్వు తొక్కినప్పుడల్లా సీటు కిందికీ పైకీ ఊగతా ఉండాది. నేను చానా రోజులుగా చూస్తా ఉండా. నీ కాళ్ళ బలమంతా ఈ స్ప్రింగు తినేస్తా ఉండాది. దీన్ని ఆపేదానికి ఏమీ లేదా?"

"తెలీదండీ. ఇలాగే ఉంటుందనుకున్నా."

ఫ్రేమ్ మధ్యలో, వెనక షాక్ అబ్జార్బర్ పక్కన, చిటికెన వేలంత నీలం లివర్, అంటే మీట, ఒకటి ఉంది. మట్టి పట్టి ఉంది. అది గాలి కొట్టడానికో దేనికో అనుకుని నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఆమె చీరకొంగుతో తుడిచి, బొటనవేలితో పక్కకి తోశారు. తర్వాత సీటు మీద బరువంతా వేసి నొక్కి చూశారు. ఈసారి సీటు ఊగలేదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు పైన కూడా అలాంటి గుండ్రటి పిడి ఉంటే దాన్ని నాతోనే తిప్పించారు.

"ఇప్పుడు తొక్కు. హార్బర్ దాటినాక గుంతలొస్తాయి, ఆడ మళ్ళా తెరువు. మర్చిపోవాకు."

పది గజాలు వెళ్ళేసరికి తేడా తెలిసింది. పెడల్ మీద కాలు వేస్తే చాలు, ఆ బలం నేరుగా చక్రానికి అందుతోంది. మూడు నెలలుగా నేను సైకిల్‌ని తొక్కడం లేదు, స్ప్రింగుల్ని తొక్కుతున్నాను. ఆనందం పట్టలేక వేగం పెంచాను. కాసేపటికే ముందున్నవాళ్ళు కనబడ్డారు. వాళ్ళని కలుసుకుని, వాళ్ళతోనే వెళ్ళిపోయాను. హార్బర్ దాటాక లివర్ తెరవడం మర్చిపోయి మొదటి గుంతలోనే పళ్ళు టకటకలాడాయి. దిగి రెండూ తెరిచాను. అప్పుడైనా వెనక్కి తిరిగి చూడాలని తోచలేదు.

టిఫిన్ దగ్గర అందరూ నన్ను మెచ్చుకున్నారు. మేం కాఫీ తాగి లేస్తుండగా టీచర్ గారు వచ్చారు. నన్ను చూసి నవ్వి, "బాగా పోతివే" అన్నారు. నేను అందరితో పాటు బయల్దేరిపోయాను. ఆమె ఒక్కరే కూర్చుని తిన్నారు. తర్వాతి ఆదివారమూ అలాగే జరిగింది. మూడో ఆదివారం ఆమె రాలేదు. నాలుగో వారమూ రాలేదు.

మా బృందంలో పెద్దాయనని అడిగాను. ఆయన మామూలుగానే చెప్పాడు, ఆమె మొదట్నుంచీ అందరికన్నా వెనకే వస్తారనీ, రెండేళ్ళుగా ఒంటరిగానే తొక్కేవారనీ, నువ్వొచ్చాక తోడు దొరికిందనుకున్నామనీ.

తిరిగి వచ్చేటప్పుడు ఆ మాటే నెమరేసుకున్నాను. ఆమె నాకోసం ఆగుతున్నారనుకుని మూడు నెలలు నామీద నేనే జాలిపడ్డాను. ఆమె వేగమే అంత. నేను బాగుపడితే తను మళ్ళీ ఒంటరి అవుతారని ఆ నీలం లివర్ తోసేటప్పుడే ఆమెకి తెలుసు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. కుడి మణికట్టు మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని కూర్చున్నారు. ఎప్పుడో స్కూలు మెట్ల మీద పడితే ఎముక విరిగిందట. లోపల ప్లేటు వేశారు. హ్యాండిల్ అదిరితే నొప్పి మోచేతి దాకా పాకుతుందనీ, అందుకే గట్టిగా పట్టుకుని వేగంగా తొక్కలేననీ, ఈ రెండు వారాలూ నొప్పి ఎక్కువైందనీ చెప్పారు.

"నాతో ఒక్క మాట చెప్తే నేను మీతోనే వచ్చేవాణ్ణి కదండీ."

"అందుకే చెప్పలా. నాకోసం ఆగేవాళ్ళని చూస్తే నాకు తొక్కబుద్ధి కాదు."

"మరి ఆ లివర్ ఎందుకు చూపించారు?"

ఆమె నన్ను వింతగా చూశారు. "కండ్ల ముందర పిల్లోడు తప్పు లెక్క చేస్తా ఉంటే టీచర్ ఊరికే ఉంటదా? నువ్వు అట్లా ఎగశ్వాస పడతా ఉంటే ఎనకనుంచి చూస్తా కూర్చోమంటావా?"

క్షమించమంటే ఆమె నవ్వేస్తారు. చివరికి, ఒక్కసారి నా సైకిల్ తొక్కి చూడండి అన్నాను. నా బలం తినేసిన ఆ స్ప్రింగులే మీ చేతికి అదురు తగ్గిస్తాయేమో అన్నాను. ఆమె, ఆదివారం వద్దు, జనం లేని రోజు చూద్దాం అన్నారు.

బుధవారం ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెప్పి బయల్దేరాను. బీచ్ రోడ్డంతా ఎవరి సైకిల్ వాళ్ళం తొక్కాం. హార్బర్ దాటాక, కంటైనర్ లారీలు తిరిగి తిరిగి రోడ్డు చెదిరిపోయిన చోట ఆగి సైకిళ్ళు మార్చుకున్నాం. ఆమెకి అందేలా సీటు దించాను. ఫోర్కూ, వెనక షాకూ ఆమే తెరిచారు. సీటు మీద కూర్చుని ఒకసారి పైకీ కిందికీ ఊగి చూసుకున్నారు. నేను బుట్ట సైకిల్ ఎక్కాను.

ఆమె ముందు, నేను వెనక. ప్రతి గుంతలోనూ ఆ సైకిల్ మెత్తగా దిగి లేవడం చూశాను. నా కింద బుట్ట సైకిల్ గుంత గుంతకీ నా నడుముని పలకరించింది. ఆమె ప్రతి వారం మోసేది ఇదా అనిపించింది. చేపల మార్కెట్ దగ్గర ఆమె ఆగి, చేతివేళ్ళు ముడుస్తూ తెరుస్తూ నిలబడ్డారు.

"నొప్పి లేదా టీచర్ గారూ?"

"ఉండాది. కానీ ఓర్చుకునేంతే ఉండాది" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆ రోడ్డు దాటేదాకా నా సైకిల్ ఇవ్వలేదు.

నెల తిరక్కుండా ఆమె ఒక సైకిల్ కొనుక్కున్నారు. వెనక స్ప్రింగు బరువు తనకి వద్దని ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నది చూసుకున్నారు. దాని స్ప్రింగుని బిగించే లాకౌట్ మీట ఎడమచేతికి అందేలా హ్యాండిల్ మీదే పెట్టించుకున్నారు. కొట్టువాడిని ఎన్ని ప్రశ్నలు అడిగారో నేను పక్కనే ఉండి విన్నాను. ఇప్పుడు ఆదివారాలు మిగతావాళ్ళకన్నా అరగంట ముందు బయల్దేరతారు. నేను కొన్ని వారాలు ఆమెతో వెళ్తాను, కొన్ని వారాలు వాళ్ళతో. నాకు వేగంగా తొక్కడం ఇష్టమని ఆమెకి తెలుసు. నేను వరసగా రెండు వారాలు ఆమెతో వస్తే, మూడో వారం వాళ్ళతో పొమ్మని తరుముతారు.

మొన్న మేం రాయపురం చేరేసరికి ఆమె అప్పటికే టిఫిన్ హోటల్లో కూర్చున్నారు. బల్లలు రెండు కలిపించి, పదిమందికీ ఇడ్లీ చెప్పేసి, ఎడమచేత్తో కాఫీ తాగుతున్నారు.