పెద్దమ్మ బొట్టు పెట్టిన క్యాసెట్

పెద్దమ్మ పోయిందని ఫోన్ చేసింది ఆమె మరిదే. ఏ మనిషిని వీడియోలోంచి తీసెయ్యమని ఆమె నన్ను ఒకప్పుడు పోరు పెట్టిందో, ఆ మనిషే. "వొదిన పోయింది అబ్బాయ్. టీ తాగింది, కుర్చీలో కూర్చుంది, అట్టే పోయింది," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వెంటనే ఆ తామరపువ్వు గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. ఆ పువ్వు సంగతి మీకు చెప్పాలి.

ఆమె నాకు చుట్టం కాదు. కాకినాడ నుంచి ఉద్యోగం మీద డర్బన్ వచ్చిన కొత్తలో చాట్స్‌వర్త్ అనే మనవాళ్ల పేటలో ఆమె ఇంటి వెనక గది అద్దెకు తీసుకుని కొన్నేళ్లు ఉన్నాను. "ఆంటీ అనకు మ్యాన్. ఈ వీధిలో అందరూ ఆంటీలే. పెద్దమ్మ అను," అని మొదటిరోజే ఆర్డరు వేసింది. ఆమె ముత్తాతలు చెరకుతోటల పనికి మన కోస్తా నుంచి వచ్చినవాళ్లు. ఆమెకు తెలుగు తిట్లకీ దేవుడికీ మాత్రమే మిగిలింది, తక్కినదంతా ఇంగ్లీషే. నేను మాట్లాడితే "రేడియోలో న్యూస్ చెప్పినట్టు ఉంది," అని వెక్కిరించేది. అన్నం పెట్టేటప్పుడు మాత్రం ఏ భాషలో వద్దన్నా వినేది కాదు. ఆ బీన్స్ కూర, ఆ మామిడి అచ్చార్ లేకపోతే మొదటి ఏడాదే నేను తిరుగుటపా కట్టేవాణ్ణి.

పెదనాన్నను నేను చూడలేదు, నేను వచ్చేసరికే పోయాడు. శనివారాల రామభజనకి ఆయనే పెద్ద. ఆయన పాడుతున్న వీడియో క్యాసెట్ ఒక్కటే మిగిలింది. అందులో ఆయన భుజానికి భుజం ఆనించి, తాళాలు వాయిస్తూ తమ్ముడు కూర్చున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తెల్లవాళ్ల పాలన పోయి అందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికల రోజున పొడుగాటి క్యూలో నిలబడాలని తెలిసి పెద్దమ్మ ఒక మడత కుర్చీ పట్టుకెళ్లిందట. కాసేపు కూర్చుంటానని మరిది అడిగితే ఇచ్చింది. ఆయన కూర్చోలేదు, వెనక నిలబడిన ఒక గర్భిణికి ఆ కుర్చీ వేశాడు. ఆమెను లేవమనడానికి నోరు రాక పెద్దమ్మ సాయంత్రం దాకా నిలబడింది. "కుర్చీ నాది, కాళ్లు నావి. మంచిపేరు వాడిదా?" అని ఆ రోజు నుంచి మరిదితో మాటలు మానేసింది. దేశంలో ఎవరెవరో రాజీ పడుతున్నారని టీవీలో చూసి మెచ్చుకునేది గాని, కుర్చీ విషయంలో మాత్రం రాజీ లేదు.

పెదనాన్న సంవత్సరీకానికి పోర్ట్ షెప్‌స్టోన్ నుంచి బంధువులందరూ వస్తున్నారు. వాళ్లకి ఆ పాట చూపించాలి, మరిది మాత్రం కనబడకూడదు. నేను కంప్యూటర్ కొన్నానని తెలియగానే వీసీఆర్‌ని పసిపిల్లలా ఎత్తుకుని నా గదికి వచ్చింది. గుడ్డల ఫ్యాక్టరీలో మిషను కుట్టిన మనిషి కదా, ఆమెకు అంతా సులువుగానే తోచింది. "కుట్టు విప్పు, ఆ ముక్క తీసెయ్, మళ్లీ కుట్టు. తీసినట్టు కనబడకూడదు. కత్తెర తెచ్చాను," అంది.

కత్తెర పక్కన పెట్టించి, వీసీఆర్ వెనక నుంచి కంప్యూటర్‌లోని వీడియో కార్డుకి వైర్లు తగిలించాను. బొమ్మకి పసుపు వైరు, శబ్దానికి ఎరుపూ తెలుపూ. ఆమె ముఖం వెలిగిపోయింది. "పసుపు, కుంకుమ, విభూది! ఎవరో మనవాళ్లే చేశారు," అంటూ వీసీఆర్‌కి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది.

బొమ్మ ఎక్కింది. కాని అన్నదమ్ములు అంత ఆనుకుని కూర్చుంటే ఒకరిని కోస్తే రెండోవారూ పోతారు. అది చెబితే, "అయితే మొహం మీద పువ్వు పెట్టు. పెళ్లి వీడియోల్లో పెడతారు కదా?" అంది. రెండు సాయంత్రాలు కుస్తీ పట్టి తమ్ముడి ముఖం మీద తామరపువ్వు పెట్టాను. ఆడించి చూస్తే, తాళం వేసినప్పుడల్లా ఆయన తల ఊపుతున్నాడు. ఒకసారి కుడిపక్క నుంచి, ఒకసారి ఎడమపక్క నుంచి, పువ్వు చాటు నుంచి మనల్ని చూసి నవ్వుతున్నాడు. "చూడు, పువ్వులో పెట్టినా కుదురుగా ఉండడు!" అని పెద్దమ్మ మండిపడింది.

తప్పెక్కడ జరిగిందో మర్నాటికి ఆమే తేల్చింది. మెషీనుకి బొట్టు పెట్టి క్యాసెట్‌ని మరిచిపోయాం. నేను స్నానం చేసి వచ్చేలోగా క్యాసెట్ అంచున ఇంత కుంకుమ అద్ది, మళ్లీ మొదట్నుంచి ఎక్కిద్దామని వీసీఆర్‌లోకి తోసేసింది. ఆ పొడి లోపల తిరుగుతూ టేపుని చదివే హెడ్‌కి అంటుకుని బొమ్మ మాయమైంది. తెరంతా చుక్కలే. శబ్దం మాత్రం చక్కగా వస్తోంది.

"ఆయన పోయాడా?" అంది పెద్దమ్మ. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. టేపుకి ఏం కాలేదని, కంప్యూటర్‌లోనూ ఒక కాపీ ఉందని, హెడ్ తుడిస్తే బొమ్మ వస్తుందని చెబుతూనే ఉన్నాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. పాట వింటోంది.

ఒకచోట పెదనాన్న ఆగాడు. ఆ వెంటనే పక్కనుంచి సన్నగా ఒక మాట వినబడింది. పెదనాన్న దాన్ని అందుకుని ముందుకు సాగాడు. కాసేపటికి మళ్లీ అంతే. బొమ్మ ఉన్నన్నాళ్లూ తాళాల మనిషి మీద కోపంతో చూశామే గాని, ఆ మాట ఎప్పుడూ చెవిన పడలేదు.

"ఈయనకి మాటలు మరుపొచ్చేవి. ఇంట్లో కూడా," అంది నెమ్మదిగా. "వాడు అందిస్తన్నాడు. ఎవరికీ తెలవకుండా." చాలాసేపు ఆ చుక్కల వైపే చూసి, పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "పువ్వు తీసెయ్. వాడికి ఫోన్ చెయ్, సంవత్సరీకానికి రమ్మని. కుర్చీ మాత్రం వాడే తెచ్చుకోవాలి!"

ఆయన తెచ్చాడు. కొత్త మడత కుర్చీ, మెత్త కూడా ఉంది. వదిన ముందు వేసి, తను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "ఇప్పుడు తెలిసిందా, నిలబడితే ఎట్లుంటుందో?" అంది ఆమె. మాటలు అలా మొదలయ్యాయి. ఆ తర్వాత ఆదివారం ఆదివారం వచ్చి తిట్లు తిని, అన్నం తిని వెళ్లేవాడు. చివరికి ఆమె పోయింది కూడా ఆ కుర్చీలోనే.

దహనం అయ్యాక అందరం ఇంటికొచ్చాం. పెద్దమ్మ ముందే చెప్పి పెట్టిందని ఆమె కోడలు ఆ క్యాసెట్ పెట్టింది. గది నిండా జనం, పిల్లలు నేల మీద. మడత కుర్చీ టీవీ ముందు ఖాళీగా ఉంది. "కూర్చో తాతా," అన్నారెవరో. "అది వొదినది," అన్నాడాయన.

టేపులో అన్న గొంతు ఆగింది. టేపులో తమ్ముడి కన్నా ముందే, ఆ కుర్చీ వెనక నిలబడి, ఆయన ఆ మాట అందించాడు.