నీళ్ళు తాగని సీజను

మా వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఆడమనిషికి మొదట నేర్పే పని నీళ్ళు తాగకుండా ఉండడం. కత్తి పట్టుకోవడం ఆ తర్వాత.

నాకు మా వదినే నేర్పింది. డిగ్రీ అయిపోయి, బి.ఎడ్. సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఊరికే కూర్చున్న ఎండాకాలమది. బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కనున్న ఫ్యాక్టరీకి వదిన ఏటా సీజను పనికి పోయేది. నేనూ ఆమె వెంట బయల్దేరాను. తెల్లారి ఆటోలో కూర్చోగానే నా చేతిలో ఒక చింతగింజ పెట్టింది.

"బుగ్గన పెట్టుకో మే. నోరు ఆరకుండా ఉంటాది. మజ్జాన్నం సంగటి తిన్నంక రెండు గుక్కలు తాగు, సాలు."

"ఎందుకు వదినా?"

"ఆడికి పోతే నీకే తెలుస్తాది. గమ్మున రా."

తెలిసింది. ఆడవాళ్ళకు కక్కసు గది లేదని నేను అబద్ధం చెప్పను. టైల్స్ వేశారు, తలుపు మీద చీర కట్టిన ఆడబొమ్మ కూడా అంటించారు. దానికి తాళం. తాళంచెవి సూపర్‌వైజరు గదిలో మేకుకు వేలాడుతుంటుంది. ఆ గది లారీలను తూకం వేసే కాటాకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అంటే, ఒంటికి పోవాలంటే డ్రైవర్లూ క్లీనర్లూ కాయలు తెచ్చిన రైతులూ చూస్తుండగా వరండా ఎక్కి, ఒక మగాణ్ణి అడగాలి. అతను "ఇప్పుడే కదమ్మా పొయ్యొచ్చినావు?" అని అందరికీ వినబడేటట్టు అంటాడు. ఒకసారి ఆ మాట పడ్డ మనిషి మళ్ళీ ఆ వరండా ఎక్కదు. పొద్దస్తమానం తోతాపురి కాయల ముచ్చికలు కోస్తూ నిలబడడమే. బయట రోహిణి కార్తె ఎండ, లోపల కాయలు ఉడికే ఆవిరి, చేతుల మీద సొన మంట.

వదినకు అప్పటికే ఒంట్లో బాగుండేది కాదు. నడుము పక్కన నొప్పి, ఉండుండి చలిజ్వరం, ఒంటికి పోతే మంట. ఆస్పత్రిలో నర్సమ్మ గట్టిగానే కోప్పడింది, నీళ్ళు బాగా తాగకపోతే కిడ్నీలు పాడవుతాయని. ఈమె "అట్నేలేమ్మా" అని మాత్రలు తెచ్చుకుంది, మరుసటి రోజు మళ్ళీ గింజ బుగ్గన పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది.

ఆ మంటలోనే, పని మొదలుకాకముందు అందరూ చూస్తుండగా చెంబెడు నీళ్ళు గటగటా తాగేశాను. కాసేపటికి వరండా ఎక్కి "తాళంచెవి ఇయ్యన్నా" అన్నాను. సూపర్‌వైజరు అనాల్సిందేదో అన్నాడు. "మళ్ళా వస్తా, మళ్ళా అడుగుతా. నీకు ఇసుగైతే ఆ తాళం తీసి పారెయ్" అన్నాను. కాటా దగ్గర ఎవడో ఈల వేశాడు. వేసుకోనీ. రోజూ అదే పని చేశాను. కొన్నాళ్ళకు మా వరసలో ఒకామె నీళ్ళ చెంబు అందుకుంది. తర్వాత ఇంకో ఇద్దరు. ఒక మధ్యాహ్నం వదిన కూడా నా చెయ్యి గట్టిగా పట్టుకుని, తల వంచుకుని వెంట వచ్చింది. ఆ రోజు ఆమె కడుపునిండా నీళ్ళు తాగింది. నేను లోలోపల పొంగిపోయాను. వయసలాంటిది, లోకాన్నే మార్చేస్తున్నాననుకున్నాను.

అప్పుడు వచ్చాడు తనిఖీ ఆయన. గుజ్జు కొనే పైదేశపు కంపెనీ తరఫున పనివాళ్ళ బాగోగులు చూసి పోవడానికి వచ్చాడు. మంచివాడే పాపం. ఆ పొద్దు తాళం తీసి, గదంతా ఫినాయిలుతో కడిగి పెట్టారు. మేనేజరూ సూపర్‌వైజరూ చెరో పక్క నిలబడి ఉండగా ఆయన మమ్మల్ని అడిగాడు, "అమ్మా, బాత్రూముకు ఎప్పుడు కావాలంటే అప్పుడు పోనిస్తున్నారా?"

నేను చెప్పేశాను. "ఎప్పుడూ తాళమే సార్. ఈ పొద్దు మీకోసం తీసినారు. నీళ్ళు తాగకుండా పని చేస్తాండాం. దాంతోనే మా వదినకు జబ్బు చేసింది. కావాలంటే ఆమెనే అడగండి."

ఆయన వదిన వైపు తిరిగాడు. ఆయనతో పాటు అక్కడున్న మగవాళ్ళంతా తిరిగారు. మా ఇళ్ళలో ఆడది ఆ మాట మగవాడి ముందు ఎత్తదు, కట్టుకున్నవాడి ముందు కూడా ఎత్తదు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అట్లాంటిదేం లేదు సార్. ఇంటికాడే అన్నీ సూసుకోని వస్తాం. మాకు పని మద్దెలో అవసరం పడదు."

పక్కనామె "అవును సార్" అంది. నాతో వరండా ఎక్కిన ముగ్గురూ "అవును సార్" అన్నారు. ఆయన నావైపు జాలిగా చూసి ముందుకు నడిచాడు.

నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఆటోలో అరిచాను. "ఎందుకట్ల చెప్పినావు?"

"అంతమంది మగోళ్ళ ముందర ఏమని చెప్పమంటావు మే? నోరెట్లొస్తాది?" అని వదిన బావురుమంది.

మరుసటి రోజు నుంచి ఆ కక్కసు గదిలో ఖాళీ ట్రేలు పేర్చారు. ఎవరడిగినా సూపర్‌వైజరు దగ్గర జవాబు సిద్ధం: "అవసరం లేదని ఆడోళ్ళే సెప్పినారు కదా." తర్వాతి సీజనుకు నన్ను పిలవలేదు.

ఇప్పుడు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాను. మహిళా దినోత్సవానికి మమ్మల్ని వరసగా కూర్చోబెడతారు. ఒక్కో ఆడది ఒక్కో చిన్న అడుగు వేస్తే చాలు, హక్కులు వాటంతటవే నడిచొస్తాయని మైకులో ఎవరో ఒకామె చెబుతుంది. అందరితో పాటు చప్పట్లు కొడతాను. నేను వేసిన అడుగు ఉన్న ఒక్క తలుపునూ మూయించింది. లేచి ఆమెతో ఆ మాట చెప్పాలని కూడా నాకు అనిపించదు.

మొన్న వదినను తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. ఒక కిడ్నీ చెడిపోయిందన్నారు. రెండోదాన్నయినా నిలబెట్టుకోవాలంటే నీళ్ళు తాగుతూనే ఉండాలన్నారు. బయటికొచ్చాక, ఫ్యాక్టరీ మానెయ్యమని బతిమాలాను. "ఈ సీజను ఒగటి పోనీ మే" అంది. ఏటా అనే మాటే అది. బస్టాండులో పెద్ద నీళ్ళ సీసా కొని, సీట్లో కూర్చోగానే ఆమె చేతిలో పెట్టాను.

"ఇంటికి పోయినాక తాగుతాలే" అంది. "దోవలో బస్సు యాడ నిలపతాడు? డ్రైవరును ఎవురడిగేది?"

"నేనడుగుతాను."

"నువ్వడుగుతావు. అందురూ నా పక్క సూస్తారు."

సీసా తిరిగి నా ఒళ్ళోకి వచ్చింది. బస్సు చంద్రగిరి దాటింది. ఎండ నేరుగా మొహాన కొడుతోంది. నాకూ గొంతు ఎండిపోతోంది. బంగారుపాళ్యం ఇంకా చాలా దూరం, బస్సు నిండా మగవాళ్ళు. సీసాను సంచి అడుక్కు తోసి, కళ్ళు మూసుకున్నాను.