ఇద్దరు కె. నాగలక్ష్ములు

2004వ సంవత్సరం. తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. అడ్మిషన్లు, హాజరు పట్టీలు చూసే గుమాస్తాకు ఆఫీసు భాషలో పేరు అది. కాలేజీ హాలు గోడకున్న శిలాఫలకం మీద మా తాతగారి పేరు ఉంది. జంపని వైపు మాకు చెరకు తోటలున్న రోజుల్లో ఆయన కట్టించిన హాలు. భూములు పోయాయి, పేరు మిగిలింది. అందుకే నేను ఏ కాగితం మీదా పొట్టి సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసేవాణ్ణి.

విద్యార్థుల ఎన్నికలు ఆగిపోయి అప్పటికే చాలా ఏళ్లయింది. బాపట్ల నుంచి కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ గారు మాత్రం, "ఓటెయ్యడం పిల్లలకి మనం కాకపోతే ఎవరు నేర్పుతారండీ?" అని స్టూడెంట్ కౌన్సిల్ ఒకటి పెట్టి, సెక్రటరీని ఎన్నుకోమన్నారు. నన్ను రిటర్నింగ్ ఆఫీసర్‌ని చేశారు. నామినేషన్లు తీసుకోవడం, బ్యాలెట్ తయారు చేయడం, ఓట్లు లెక్కపెట్టి ఫలితం చెప్పడం ఆ పని. నియమాలు నేనే టైపు చేశాను.

వచ్చినవి రెండే నామినేషన్లు. ఇద్దరూ బీకాం ఆఖరి ఏడాది అమ్మాయిలే, ఇద్దరూ కె. నాగలక్ష్ములే. ఒకామెది తెనాలి. రెండో అమ్మాయి రోజూ రేపల్లె ప్యాసింజర్‌లో వచ్చేది. ఆ బండి ఏనాడూ మొదటి పీరియడ్‌కు అందదు. రైలు పిల్లలందరికీ ఆ గంట గైర్హాజరే. హాజరు చాలక పరీక్షకు కూర్చోనివ్వరేమోనని ఏటా మా ఆఫీసు కిటికీ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకునేవారు. తాను గెలిస్తే కాలేజీని పావుగంట ఆలస్యంగా మొదలుపెట్టిస్తానని ఆ అమ్మాయి మాట ఇచ్చింది.

"సార్, నా పేరు పక్కన 'రైలు' అని రాయండి. రైలు నాగలక్ష్మంటేనే మావాళ్లకి తెలుస్తుంది," అంది నామినేషన్ ఇస్తూ.

"ఇది కాలేజీ కాగితం అమ్మాయ్, రైల్వే టికెట్టు కాదు. పేరు, రోల్ నంబరు ఉంటాయి. చాలు."

"రోల్ నంబర్లు మీకు తప్ప ఎవరికీ గుర్తుండవండి!"

ఓట్ల లెక్కింపు రోజు హాల్లో పెట్టె తెరిచాను. చాలా కాగితాల మీద టిక్కు పక్కన 'రైలు' అని రాసి ఉంది. కొన్నింటి మీద 'టౌను'. ఒకరైతే పొగతో సహా రైలుబండి బొమ్మే గీశారు. వాటన్నిటినీ చెల్లని ఓట్లుగా పక్కన పెట్టాను. మిగిలినవాటిలో టౌను నాగలక్ష్మికి తొమ్మిది ఎక్కువ వచ్చాయి.

గెలిచిన అమ్మాయే లేచింది. "టిక్కు ఏ కె. నాగలక్ష్మి మీదున్నా, రైలని రాసినోళ్లు దానికే వేశారు సార్. నేనెప్పుడైనా రైలెక్కానా?"

"నియమం ఒకసారి చదవండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

చదివాను. "ఓటు వేసినవారెవరో తెలిసే రాత ఉంటే ఆ ఓటు చెల్లదు." అక్కడ ఆగిపోయాను. 'రైలు' అన్న మాట ఓటు వేసినవారి ఆచూకీ చెప్పదు. ఎవరికి వేశారో చెబుతుంది, అంతే. చేతిలోని బ్యాలెట్ కేసి చూశాను. అడుగున నా సంతకం, ఇంటిపేరుతో సహా బారుగా. పైన ఆ పిల్లల ఇంటిపేర్లు మాత్రం ఒక్కొక్క అక్షరం. కంచర్ల వారి అమ్మాయినీ కూచిపూడి వారి అమ్మాయినీ ఒకే 'కె'లో కుక్కేసింది నేనే.

"తప్పు ఓట్లలో లేదండీ, నేను చేసిన బ్యాలెట్‌లో ఉంది," అన్నాను. సర్వీసులో ఆ మాట అనడం అదే మొదలు.

ఇద్దరి సమ్మతితో పక్కన పెట్టిన ఓట్లన్నీ లెక్కపెట్టాం. పద్నాలుగు ఓట్ల తేడాతో రైలు నాగలక్ష్మి గెలిచింది. హాలంతా కూత పెట్టింది. ఓడిన అమ్మాయి అందరికంటే గట్టిగా, "మమ్మల్ని కూడా పావుగంట పడుకోనివ్వవే!" అని అరిచింది. వెనక బెంచీల్లోంచి "రాయి సార్‌కీ జై!" అని వినిపించింది.

"రాయి సారెవరండీ?" అన్నాను ప్రిన్సిపాల్ గారితో.

ఆయన నవ్వాపుకోలేకపోయారు. "మీరేనండీ! వచ్చిన ప్రతివాళ్లకీ ఆ శిలాఫలకం చూపిస్తారటగా?"

కోపం రావలసింది. నవ్వొచ్చింది.

తర్వాతి సోమవారం నుంచి మొదటి గంట పావుగంట ఆలస్యంగా మోగింది. రైలు పిల్లలు పరుగుల్లేకుండా నడిచే లోపలికి వచ్చారు. కౌన్సిల్ మొదటి నోటీసులో 'కంచర్ల నాగలక్ష్మి, సెక్రటరీ' అని టైపు చేశాను.

"ఇదేంటి సార్, ఇంత పొడుగు రాశారు?" అంది ఆ అమ్మాయి.

"నీదీ ఇంటిపేరే కదమ్మా."

మరుసటి ఏడాది బ్యాలెట్‌లో అందరి ఇంటిపేర్లూ పూర్తిగా వేశాను. పక్కనే తోటివాళ్లు పిలుచుకునే పేరు కూడా వేశాను. మనిషికి మర్యాద ఒక పేరులో ఉంటే, ఆనవాలు ఇంకో పేరులో ఉంటుందని నాకు నేర్పింది ఆ పిల్లలే. నా సంతకం పక్కన కూడా 'రాయి' అని చేర్చమని గోల చేశారు. చేర్చలేదు. ఎంతైనా అది కాలేజీ కాగితం.