పన్నెండోసారి

ఇండోనేషియాలోని లెంబె జలసంధిలో ఫెన్లి కావులుసన్ కంటికి ఆనని జీవి లేదని పేరు. ఇరవై రెండేళ్లుగా కెమెరావాళ్లను నల్ల ఇసుక పరుచుకున్న సముద్రపు అడుగుకు దింపి, బియ్యపు గింజంత రొయ్యను సైతం వెతికి చూపించేవాడు.

ఒక ఏడాది ఆల్బ్రెక్ట్ అనే ఫొటోగ్రాఫర్ వచ్చాడు. అతనికి గోరంత కూడా లేని సముద్రపు గుర్రం ఫొటో కావాలి. అది విసనకర్రలాంటి పగడానికి తోక చుట్టుకుని ఉంటుంది, వెలుగు పడితే మొహం తిప్పేసుకుంటుంది.

"వీపు ఫొటో ఎవడిక్కావాలి? మొహం నా వైపు తిప్పు," అన్నాడు పడవలో.

"బెదురుతుంది సార్. కాసేపాగితే అదే తిరుగుతుంది."

"ఆగడానికి రేపు నేనుండను."

పడవ యజమాని హెంకీ, ఫెన్లిని పక్కకు లాగాడు. "తిప్పెయ్ అన్నా. అందరూ చేసేదేగా. నీకొక్కడికే పుట్టుకొచ్చిందా జాలి?"

నీళ్లడుగున ఫెన్లి దాన్ని ఇనుప పుల్లతో తిప్పాడు. అది మళ్లీ అటు తిరిగింది. మళ్లీ తిప్పాడు. తిప్పినప్పుడల్లా ఫ్లాష్ వెలిగింది. పన్నెండోసారి తోక పట్టు జారింది. గుర్రం పక్కకు ఒరిగి, చెత్తముక్కలా కిందికి రాలిపోయింది. పనైపోయింది, పైకి పోదామన్నట్టు ఆల్బ్రెక్ట్ బొటనవేలెత్తి చూపాడు.

పైకొచ్చాక ఫెన్లి, "అది చచ్చిపోయింది సార్," అన్నాడు.

"ఇంకోటి ఉంటుందిలే." ఆల్బ్రెక్ట్ వేయించిన అరటిముక్కను మిరప్పచ్చడిలో ముంచుకుంటున్నాడు.

కొన్ని నెలలకు ఆ ఫొటోకి బహుమతి వచ్చింది. హెంకీ దాన్ని తలుపంత చేయించి తన అతిథిగృహంలోని భోజనాల గదిలో వేలాడదీశాడు. గుర్రం నవ్వుతున్నట్టుందని అతిథులు మురిసిపోయేవారు. దాని కింద కూర్చుంటే ఫెన్లి పొగబెట్టిన చేపముక్కను పళ్లెంలోనే వదిలేసేవాడు.

ఒకరోజు ఒక పెద్దావిడ, "ఎంత ఓపిగ్గా తీశారో," అంది.

"ఓపిక కాదమ్మా. పన్నెండుసార్లు పొడిచాను. నేనే. దాంతో చచ్చింది."

అతిథులు చెంచాలు కింద పెట్టేశారు. హెంకీ అతన్ని వంటింట్లోకి ఈడ్చుకెళ్లాడు.

"అన్నం తినేచోట చావు కబుర్లేంటన్నా?"

"అన్నం తినేచోట శవాన్ని తగిలించింది నువ్వు."

హెంకీ గోడమీంచి ఫొటో తియ్యలేదు. ఫెన్లిని పనిలోంచి తియ్యడానికీ ధైర్యం చాలలేదు. అంత చూపున్నవాడు ఆ తీరంలో మరొకడు లేడు. ఫెన్లి మాత్రం పుల్ల ముట్టుకోవడం మానేశాడు. నీళ్లలో దిగేముందు, "చూపిస్తాను, కదిలించను," అని చెప్పేవాడు. చాలామంది వేరే గైడ్‌ని అడిగేవారు. కొందరు ఉండిపోయేవారు.

పుల్ల పట్టిన ఆ కుడిచేత్తో అన్నం కలుపుకోబోతే మాత్రం చాలాకాలం రోత పుట్టేది. సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, రేవుమెట్ల మీద ఒంటరిగా తినేవాడు.