హైవే మీద లేఅప్

2011. జనగామ. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. బస్సులు డిపోల్లో ఉన్నాయి, బడులకు తాళాలు పడ్డాయి, మేమంతా రోడ్ల మీద ఉన్నాం. నేను అక్కడి బాలికల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. పిల్లలకు పీఈటీ సార్‌ని. నా చేతుల మీదుగా జిల్లా జట్లకు ఆడిన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళ గురించి ఎవరడిగినా గొప్పలు చెప్పుకుంటాను. సునీత మాట వస్తే మాత్రం ఏదో పని ఉన్నట్టు లేచిపోతాను. ఈసారి లేవను.

కొడకండ్ల దగ్గర ఒక తండా ఆమెది. ఆరో తరగతిలో హాస్టల్లో చేరింది. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు కాబట్టి తెలుగు తడబడేది. బాల్ చేతికిస్తే ఆ తడబాటు ఉండేది కాదు. బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్ అని ఒక స్థానం ఉంటుంది. పొడుగువాళ్ళు బుట్ట కింద కాచుకుని ఉంటే, బాల్‌ను నేలకు కొడుతూ కోర్టు దాటించి, ఎవరికి ఎప్పుడు అందించాలో తేల్చేది గార్డే. పెద్దకోడలి పని అనుకోండి. అందరి విస్తళ్ళూ చూసుకోవాలి, తను చివర తినాలి. సునీత పొట్టిపిల్ల. అయినా పదో తరగతికి వచ్చేసరికి ఆమె లేకుండా మా జట్టు నాలుగు అడుగులు వేసేది కాదు.

ఆమెకు పద్దెనిమిది నిండిన ఏడు, సరిగ్గా సమ్మెకు ముందు, ఒక పెద్ద సంస్థ మహిళల జట్టుకు సికింద్రాబాద్‌లో ట్రయల్స్ ఉన్నాయని కాగితం వచ్చింది. ట్రయల్స్ అంటే ఆడించి చూసి ఎంపిక చేయడం. మన దగ్గర అమ్మాయిలకు ఆట వృత్తి కావాలంటే ఉన్న దారి అదొక్కటే. సంస్థ ఉద్యోగం ఇస్తుంది, ఆ ఉద్యోగంలో పని ఆడటమే. వాళ్ళ నాన్న సోమ్లా ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సార్, గిది నిజమేనా? ఆడితే నౌకరి ఇస్తరా?"

"ఇస్తరు సోమ్లా. పదేండ్లు ఆడుతది. ఆడుడు అయిపోయినంక గూడ నౌకరి ఉంటది."

"అయితే ఏటేటా మిర్చి ఏరుడుకు ఖమ్మం దిక్కు పోవుడు ఇగ బంద్ జేస్తం సార్" అన్నాడు. ఆ కాగితాన్ని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సమ్మెకు ఒక పద్ధతి ఉండేది. ఎవరి పనిని వాళ్ళు రోడ్డు మీదికి తెచ్చి నిరసన తెలిపేవారు. కుమ్మరులు సారె తిప్పారు, నేతవాళ్ళు మగ్గం పెట్టారు, లాయర్లు నడిరోడ్డు మీద వాదించారు, ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. మరి వ్యాయామ ఉపాధ్యాయుల పనేమిటి? ఆటలాడించడం. హైవే మీద ఆటలు పెడదామని తీర్మానించుకున్నాం. ఆ తీర్మానం రాసింది నేనే. బడిలో ఉన్న చక్రాల బాస్కెట్‌బాల్ పోల్‌ను ట్రాక్టర్ మీద తెచ్చి తారురోడ్డు మీద నిలబెట్టాం. సునీతకు కబురు పంపితే, సోమ్లా ఎవరి బండో అడిగి ఎక్కించుకొచ్చాడు.

కబడ్డీ అయింది, ఖోఖో అయింది. పత్రిక ఫోటోగ్రాఫర్‌కు ఏదీ నచ్చలేదు. "సార్, జర ఎగిరే ఫోటో గావాలె. ఎనక జెండా కనవడాలె" అన్నాడు. ఎగిరే ఫోటో అంటే లేఅప్పే. పరుగున వచ్చి, రెండడుగులు వేసి, గాల్లోకి లేచి బాల్‌ను బుట్టలో వదలడం.

"సునీతా, ఒక్క లేఅప్ కొట్టు" అన్నాను.

ఆమె రోడ్డు వైపు చూసింది. "సార్, ఈడ కంకర ఉన్నది."

"ఒక్కసారే గదా. రాష్ట్రం కోసం."

"రాష్ట్రం వస్తే మా తండాల గ్రౌండ్ ఏస్తరా సార్?"

"ఒక్కటేంది, రెండేస్తరు. కొట్టు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వి పరుగెత్తింది. లేచింది. అంత చక్కగా ఎప్పుడూ లేవలేదేమో. దిగేటప్పుడు ఎడమ పాదం కింద కంకర జారింది, మోకాలు లోపలికి తిరిగింది. "యాడీ!" అని అరిచింది. వాళ్ళ భాషలో అమ్మా అని. నేను పరుగున వెళ్ళేసరికి రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఉంది.

"సార్, లోపల టప్పుమన్నది."

మోకాలి మధ్యలో ఏసీఎల్ అని తాడులాంటి లిగమెంట్ ఒకటి ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు టప్పుమందని ఆటగాడు చెప్పాడంటే ఆ తాడు తెగిందని అనుమానించాలి. ఇది మాకు శిక్షణలో మొదటి ఏడాదే రాయించారు, పరీక్షలో కూడా రాశాను. దవాఖాన తెరిచే ఉంది, కనుచూపు మేరలో ఉంది. నేనేమన్నానో తెలుసా? "బెణికింది, అంతే" అన్నాను. ట్రయల్స్ నెల రోజుల్లో ఉన్నాయి. తెగిందనే మాట నాకు నేను చెప్పుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

"మానుకోట దిక్కు పసరు కట్టు కట్టే ఆయన ఉన్నడు సార్, తీస్కపోవాల్నా?" అని సోమ్లా అడిగాడు. తీసుకుపొమ్మన్నాను. మానుకోట అంటే మహబూబాబాద్. అంత దూరం పిల్లను ఆ బండి మీదే కూర్చోబెట్టుకుని పోయాడు. కట్టు కట్టినాయన్ని నేను తప్పుపట్టను. టప్పుమన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పత్రికలో ఫోటో పెద్దగా వచ్చింది. జెండా, బుట్ట, మధ్యలో గాల్లో సునీత. నేను నాలుగు కాపీలు కొన్నాను. సిగ్గులేని మనిషిని.

ఏసీఎల్ దెబ్బ మహా మోసకారిది. మూడు వారాలకు వాపు తగ్గుతుంది, మనిషి మామూలుగా నడుస్తాడు. సునీత కూడా నడిచింది, ఇంకో వారానికి తిన్నగా పరుగెత్తింది. "చూసినవా!" అన్నాను.

"పక్కకు తిరిగితే మోకాలు నాది కానట్టు అయితుంది సార్."

"అది భయం. నీక్యాప్ ఏస్కో, పోతది."

ట్రయల్స్‌కు నేనే తీసుకెళ్ళాను. బాల్ తిప్పడంలో, పాస్‌లు ఇవ్వడంలో ఆమెను చూసి సెలెక్టర్లు ఒకరితో ఒకరు ఏదో చెప్పుకుని నవ్వారు. తర్వాత అయిదుగురికి అయిదుగురిని దింపి ఆడించారు. మూడో నిమిషంలో సునీత ఎడమకు పోతున్నట్టు చూపించి కుడికి తిరిగింది. కాలు నిలబడింది, మోకాలు నిలబడలేదు. కుప్పకూలింది.

వాళ్ళ ఫిజియో, అంటే ఆటగాళ్ళ దెబ్బలు చూసే నిపుణుడు, వచ్చి పిక్క పట్టుకుని ముందుకు లాగి చూశాడు. మోకాలి కింది ఎముక చేతితో పాటు ముందుకు జరిగింది. "ఇది ఇవాళ్టిది కాదు. ఎప్పుడు తగిలింది? కోచ్ ఎవరు?" అన్నాడు.

సునీత నా వైపు చూడకుండా చెప్పింది. "ఇప్పుడే తగిలింది సార్. ముందేం లేదు."

రెండో దెబ్బకు మోకాలి లోపల ఉండే మెత్త కూడా చినిగింది. "మొదటి రోజే వచ్చి ఉంటే ఆపరేషన్ చేసి, ఏడాదికి మళ్ళీ కోర్టులో దింపేవాళ్ళం. ఇప్పుడు చేసినా నడకకే" అన్నాడు డాక్టరు. నేను సోమ్లాకు జరిగిందంతా చెప్పాను, టప్పుమన్న మాటతో సహా. తిడతాడనుకున్నాను, కొట్టినా పడేవాణ్ణి. "మీరు గావాలని చేసిన్రా సార్? రాష్ట్రం కోసమే గదా" అన్నాడు. ఆ సంక్రాంతి వెళ్ళగానే మొగుడూ పెళ్ళాలిద్దరూ మిర్చి ఏరడానికి పోయారు. సునీతను కూడా తీసుకుపోయారు, కూర్చుని తొడిమలు తీస్తుందని.

రాష్ట్రం వచ్చింది. నాకు శాలువా కప్పారు. ఆనందం లేదంటే అబద్ధం. కానీ ఆ శాలువా ఇంట్లో ఎక్కడుందో నాకు తెలియదు.

కొన్నేళ్ళ తర్వాత అవతరణ దినోత్సవ పోటీలకు రెఫరీగా భూపాలపల్లి వెళ్ళాను. గ్రౌండ్ గేటు పక్కన ఉద్యమం ఫోటోలతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో మా ఫోటో ఉంది. దాని ముందు ఒకామె కాలు కొంచెం పక్కకు వేసి నిలబడి ఉంది. సునీతే. భర్త చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ అట, అక్కడే ఉంటున్నారట.

"మంచిగున్నరా సార్?" అంది.

"ఏం మంచి బిడ్డా. ఆ రోజు నేను..." అనబోయాను.

"ఇడ్సిపెట్టుండ్రి సార్" అని మళ్ళీ ఫ్లెక్సీ వైపు తిరిగింది. "గా ఫోటోల నేనింక కింద పడలే. గందుకే ఇటు వచ్చినప్పుడల్లా జరసేపు చూసి పోత."

తండాలో వేస్తామన్న రెండు గ్రౌండ్ల సంగతి ఆమె అడగలేదు.

ఈ అనుభవం ఏం నేర్పిందో కూడా చెప్పాలి కదా. కొత్తగా ఏమీ నేర్పలేదు. నేల చూడకుండా పిల్లను దింపకూడదనీ, పిల్ల చెప్పిన మాట వినాలనీ నాకు అంతకుముందే తెలుసు. తెలిసినవాడు చేసిన తప్పుకు పిల్ల కాలు పోయింది. ఇప్పుడు ఆటకు ముందు చెప్పులు విడిచి కోర్టంతా ఒకసారి నడుస్తాను. "ఏం దేవులాడుతున్నరు సార్?" అని పిల్లలు నవ్వుతారు. కంకర అని చెప్తాను. దొరికిన ప్రతి రాయినీ ఏరి జేబులో వేసుకుంటాను. ఆ రోజు హైవే మీద ఆమె చూపించిన కంకర మాత్రం ఏరలేదు.