తోలు అట్ట

కుదుదండ్ పేటలో చెప్పులు కుట్టే కొట్టు ముందు వానకి ఆగాను. తడి తోలు వాసన తగలగానే మా రైల్వే క్వార్టర్ గుర్తొచ్చింది.

అమ్మ చనిపోయిన ఏడాది, చిరిగిపోయిన ఆమె పూజ పుస్తకానికి నాన్న తన పాత డ్యూటీ బ్యాగు తోలుతో అట్ట కట్టడం మొదలుపెట్టాడు. ఎవరూ నేర్పలేదు. మొదటిసారి మైదా జిగురు పల్చనై తోలు ముడతలు పడింది. తర్వాత మరీ బిగించి కుట్టేసరికి పుస్తకం తెరుచుకోలేదు. విప్పి, తోలు నానబెట్టి, అంచులు పల్చగా చెక్కి మళ్లీ కుట్టాడు. వేళ్ల నిండా సూది పోట్లు. చివరికి కుదిరింది.

నాయనమ్మ చూసి, "పూజ పుస్తకానికి తోలేటిరా? దేవుడి గూట్లో ఎట్టనివ్వను" అంది.

"అచ్ఛా, నా దగ్గరే ఉంటాదిలే" అని నాన్న దాన్ని తలగడ కింద పెట్టుకున్నాడు.

పాపం, నాన్నకి ఆచారం తెలియక అంత కష్టమూ వృథా అయిందని చాలా రోజులు బాధపడ్డాను.

వానలో నిలబడితే ఇంకొకటి గుర్తొచ్చింది. అమ్మ ఉన్నన్నాళ్లూ, నడుముకున్న తోలు బెల్టు విప్పి గుమ్మం బయట తగిలించాకే నాన్న దేవుడి ముందుకు వచ్చేవాడు.